మొటిమలా? ముందు ఆ ట్యూబు మీద ఏం రాసుందో చదవండి

ఈసారి చర్మం గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ మొటిమలవే. ఉక్కపోత మొదలైందంటే ఏటా ఇంతే. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం, పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం.

ప్ర: ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, విజయవాడలో హాస్టల్. ఏడాదిగా నుదుటి మీదా బుగ్గల మీదా మొటిమలు. రోజుకి ఐదారుసార్లు సబ్బుతో కడుగుతున్నాను, వారానికి రెండుసార్లు స్క్రబ్ కూడా చేస్తున్నాను, అయినా పెరుగుతున్నాయి. ముఖం నీట్‌గా ఉంచుకోవడం రాదని ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారు. హాస్టల్ భోజనం వల్లా? ఎగ్జామ్స్ టెన్షన్ వల్లా? (జంగారెడ్డిగూడెం)

జ: ముందు ఆ ఐదారుసార్లు కడగడం ఆపు బాబూ. మొటిమలు మురికి వల్ల రావు. నీ వయసులో మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి, వాటి ప్రభావంతో వెంట్రుక కుదుళ్ళ పక్కనుండే నూనె గ్రంథులు ఉబ్బి జిడ్డు ఎక్కువ కారుస్తాయి, అదే సమయంలో ఆ కుదురు నోటి దగ్గర రాలిపోవాల్సిన చనిపోయిన కణాలు రాలకుండా ఒకదానికొకటి అతుక్కుని బిరడా పడిపోతాయి. లోపల జిడ్డు చిక్కుకుంటుంది. అందరి చర్మం మీదా ఉండే క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియాకి అది విందుభోజనం, అది పెరిగేకొద్దీ ఒళ్ళు ఎదురు తిరుగుతుంది, ఎరుపూ చీమూ నొప్పీ అన్నీ అప్పుడొస్తాయి. ఇదంతా చర్మం లోపల జరిగే వ్యవహారం, పైన ఎంత రుద్దినా అక్కడికి చేరదు. ముక్కు మీద కనపడే నల్లచుక్కలు కూడా మురికి కాదు, గాలి తగిలి నల్లబడిన జిడ్డూ, చర్మపు రంగూ. ఈసారి ఎవరైనా నీట్‌గా ఉండవు అంటే ఇదే చెప్పు. అమ్మకో నాన్నకో ఆ వయసులో ఎక్కువగా వచ్చాయేమో కూడా అడుగు, చాలా ఇళ్ళల్లో ఇది వంశంలో వస్తుంది.

స్క్రబ్‌లో ఉండే గరుకు పలుకులు ఉన్న మొటిమల్ని చిదిపేస్తాయి. సబ్బు మరీ ఎక్కువైతే చర్మం ఎండిపోయి మండుతుంది, పైగా హాస్టల్లో బోరు నీళ్ళయితే సబ్బు సరిగ్గా వదలక ఒక పొరలా అంటుకుని ఉంటుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, నురగ తక్కువ వచ్చే మామూలు ఫేస్‌వాష్ చాలు. చెమట పట్టినప్పుడు ఉత్త నీళ్ళు.

మందు విషయానికొస్తే, నువ్వు రాసినదాన్నిబట్టి గడ్డల్లాంటివి లేవు కాబట్టి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్‌తో మొదలుపెట్టొచ్చు. రోజు విడిచి రోజు రాత్రి, మొటిమ ఉన్నచోట చుక్క పెట్టడం కాదు, మొటిమలొచ్చే ప్రాంతమంతా పల్చగా రాయాలి. పది శాతం ఇంకా బాగా పనిచేస్తుందనుకుని పెద్ద నంబరు కొనకు, 2.5 కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, పది శాతంతో మంట మాత్రం ఎక్కువ. ఇంకొకటి, ఇది రంగు బట్టల్ని తెల్లగా చేసేస్తుంది. నీలం దిండు గలీబు మీద వారం తిరిగేసరికి నీ చెంప ఆకారంలో ఒక నారింజ మచ్చ తేలుతుంది, రూమ్మేట్ తువ్వాలు వాడితే గొడవే. తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు పెట్టుకో.

టెన్షన్ సంగతి నిజమే. 2003లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో విద్యార్థుల ముఖాల్ని మామూలు రోజుల్లోనూ పరీక్షల రోజుల్లోనూ చూసి పోల్చితే, ఒత్తిడి పెరిగినవాళ్ళకి మొటిమలు కూడా పెరిగాయని తేలింది. అలాగని టెన్షన్ ఒక్కటే తెచ్చిపెట్టదు, ఉన్నవాటిని రెచ్చగొడుతుంది. ఇంకా చదువుకుంటూ తెలియకుండానే చెయ్యి గడ్డం మీదకి పోయి గిల్లుతుంటుంది చూడు, అసలు నష్టం అక్కడ.

ప్ర: మా అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. ఒంట్లో వేడి వల్లే మొటిమలు అని మా అత్తయ్యగారు మామిడిపళ్ళు, గుడ్డు, చికెన్, వేరుశనగలు అన్నీ మాన్పించారు. పెళ్ళయితే అవే పోతాయి, డాక్టర్లెందుకు అంటున్నారు. పిల్ల చిక్కిపోయింది, మొటిమలు మాత్రం అలాగే ఉన్నాయి. (ఖమ్మం)

జ: గుడ్డూ చికెనూ రేపట్నుంచే మళ్ళీ పెట్టండమ్మా. ఎదిగే పిల్ల. గుడ్డుకీ మొటిమలకీ లంకె ఉందనడానికి ఆధారం లేదు.

మీ అత్తయ్యగారి మాట పూర్తిగా గాల్లోంచి పుట్టిందనను. మామిడిపళ్ళ కాలమూ ఉక్కపోతా చెమటా జిడ్డూ ఒకేసారి వస్తాయి, సెగగడ్డలూ అప్పుడే లేస్తాయి, చూసినవాళ్ళు అన్నిటినీ కలిపి మామిడిపండు నెత్తిన వేశారు. సెగగడ్డ వేరే బ్యాక్టీరియా వల్ల వచ్చేది, మొటిమ కాదు. ఒక పండు తింటే ఏమీ కాదు, రోజూ రసం తీసి పంచదార వేసి గ్లాసులు గ్లాసులు ఇస్తే అప్పుడు ఆలోచించాలి, వేడి గురించి కాదు, చక్కెర గురించి.

తిండి మీద చాలాకాలం డాక్టర్లు కూడా ఏ సంబంధమూ లేదనే చెప్పారు. 1969లో అమెరికాలో 65 మందికి చాక్లెట్టూ, చాక్లెట్టులా కనపడే ఇంకో బిళ్ళా ఇచ్చి చూసి తేడా లేదన్నారు, తీరా ఆ రెండో బిళ్ళలోనూ కొవ్వూ చక్కెరా దాదాపు అంతే ఉన్నాయి, ఇక తేడా ఎలా కనపడుతుంది? ఆ తర్వాత 2007లో ఆస్ట్రేలియాలో కుర్రాళ్ళకి పన్నెండు వారాలు రక్తంలో చక్కెరని గబుక్కున పెంచని భోజనం పెట్టి చూస్తే మొటిమలు తగ్గాయి. మన లెక్కలో చెప్పాలంటే తగ్గించాల్సినవి కూల్‌డ్రింకులు, మైదా బిస్కెట్లు, బేకరీ పఫ్ పక్కన తాగే తియ్యటి జ్యూసు, పాలల్లో కలిపే చాక్లెట్ పొడి. తెల్లన్నం కొండలా పెట్టుకుని చారెడు కూర నంజుకునే అలవాటుని కాస్త తిరగేసి పప్పూ కూరా ఎక్కువ పెట్టండి. పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు, కొందరికి మొటిమలు పెంచుతాయని పరిశీలనల్లో కనపడింది గానీ అందరికీ కాదు. రోజుకి ఒక గ్లాసు తాగే పిల్లకి మాన్పించకండి, పెరుగు అసలే వద్దు అనకండి.

పెళ్ళి గురించి: ఇరవై దాటాక చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, మన దగ్గర పెళ్ళిళ్ళూ ఆ వయసులోనే అవుతాయి, ఆ పుణ్యం పెళ్ళికి పోయింది. కానీ ఈలోపు పడిన గుంతలు పెళ్ళయినా పోవు. ఇప్పుడే చూపించండి.

ప్ర: నాకు ఇరవై నాలుగు. రెండేళ్ళ కిందట మొటిమలకని మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు. వారంలో మొటిమలు పోయి రంగు కూడా వచ్చింది. అప్పట్నుంచి రోజూ రాస్తున్నాను, మా చెల్లి, పక్కింటి వదిన కూడా అదే. ఇప్పుడు ఒక్కరోజు మానేస్తే ముఖమంతా ఎర్రగా మండుతోంది, స్టవ్ దగ్గర నిలబడలేకపోతున్నాను, మొటిమలు ముందుకంటే ఎక్కువ లేస్తున్నాయి, బుగ్గల మీద నూగులా వెంట్రుకలు కూడా వచ్చాయి. మూడు నెలల్లో పెళ్ళి. (కరీంనగర్)

జ: ఈ సంచికలో మిగతావి చదవకపోయినా ఇది చదవండి అని అందరికీ చెప్తాను, ఎందుకంటే ఇలాంటి ముఖాలు మన ఊళ్ళల్లో వీధికొకటి ఉన్నాయి, మొటిమల వల్ల జరిగిన నష్టం కంటే మొటిమల మందు అనుకుని రాసిన దానివల్ల జరిగిన నష్టం పెద్దది.

ఆ ట్యూబు తీసి వెనక్కి తిప్పండి. కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. కొన్నిట్లో మొమెటసోన్‌తో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపి ఉంటాయి. అవి మంగు మచ్చలకి డాక్టరు చూస్తూ కొద్దివారాలు వాడించేవి, ఫెయిర్‌నెస్ క్రీములు కావు. స్టెరాయిడ్ ఎరుపునీ వాపునీ అణిచేస్తుంది కాబట్టి మొదటి వారం మహత్తులా ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, వెంట్రుకలు మొలుస్తాయి, స్టెరాయిడే కొత్త మొటిమల్ని పుట్టిస్తుంది, మానేస్తే మంట, మంట తట్టుకోలేక మళ్ళీ రాయడం. మీరు రాసిన ప్రతి లక్షణమూ ఇందులో ఉంది. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే చర్మవైద్యులు దీనికి స్టెరాయిడ్ పాడుచేసిన ముఖం అనే అర్థం వచ్చేలా ఒక పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. అమ్ముతున్నారా అంటే, మీరే చెప్పారుగా.

ఇప్పుడేం చెయ్యాలి. ఈ వారంలోనే చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి, ఆ ట్యూబు చేతిలో పట్టుకుని వెళ్ళండి, సిగ్గుపడి దాచకండి. ఎంత ఘాటైనది, ఎన్నాళ్ళు వాడారు అన్నదాన్నిబట్టి ఒక్కసారిగా ఆపాలా, తక్కువ ఘాటుదానికి మార్చి మెల్లగా దించాలా అన్నది వాళ్ళు చెప్తారు. ఎర్రదనానికి టాక్రోలిమస్ పూత, మొటిమలకి కొన్నాళ్ళు డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తుంటారు. ఈలోపు మీ ముఖానికి కావలసింది వాసన లేని మాయిశ్చరైజరు, ఉత్త నీళ్ళు, ఎండకి సన్‌స్క్రీన్, అంతే. పసుపు, నిమ్మరసం, శనగపిండి, ముల్తానీ మట్టి ఏదీ వద్దు, మంచిదే కదా అని ఎవరు చెప్పినా వద్దు. పార్లరులో బ్లీచ్, ఫేషియల్ పేరెత్తకండి.

మూడు నెలలంటే తక్కువేం కాదు, అయితే మొదటి నెల ముఖం ఇప్పటికంటే అధ్వానంగా కనపడొచ్చు. అది తెలిసి ఉంటే మధ్యలో భయపడి మళ్ళీ ట్యూబు పట్టుకోరు. ఇంట్లోవాళ్ళకీ ముందే చెప్పి పెట్టండి, లేకపోతే పెళ్ళిబట్టలు కొనడానికి వెళ్ళిన చోట ఎవరో ఒక పిన్నిగారు ఇంకో క్రీము పేరు చెప్తారు. పెళ్ళికి రెండుమూడు రోజుల ముందు నొప్పితో పెద్ద మొటిమ లేస్తే గిల్లకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. సన్నటి సూదితో అందులోకే చుక్కంత స్టెరాయిడ్ ఇస్తారు, చాలావరకు అణిగిపోతుంది. అవును, అదీ స్టెరాయిడే, డాక్టరు కొలిచి ఒకే చోట ఒకసారి ఇచ్చేది.

చెల్లినీ వదిననీ కూడా తీసుకెళ్ళండి.

ప్ర: డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. ఇక్కడ స్టోర్‌లో అడాపలీన్ జెల్ కొని రాస్తున్నాను. మూడు వారాలైంది, తగ్గకపోగా ఇంకా వచ్చాయి, ముఖం పొట్టు లేస్తోంది. ఆపేయమంటారా?

జ: ఆపకండి, తగ్గించండి. అడాపలీన్ 0.1 శాతం జెల్‌ని అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు, మంచి మందు, కానీ అది ఉన్న మొటిమని మాడ్చేది కాదు, పత్తి చేలో కలుపు మొలవకముందే కొట్టే మందు లాంటిది, బిరడా పడకుండా చూస్తుంది. అందుకే ఫలితం కనపడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మొదటి నెలలో కొంచెం పెరగడం మామూలే. మీరు బహుశా ఎక్కువ రాస్తున్నారు. ముఖం మొత్తానికి బఠానీ గింజంత చాలు. తడి పూర్తిగా ఆరాక, ముందు మాయిశ్చరైజరు రాసి దానిమీద ఇది, మూడు రోజులకోసారి, పొట్టు తగ్గాక రోజు విడిచి రోజు. కంటి చుట్టూ, పెదవుల చివర, ముక్కు మడతల్లో వద్దు. పగలు ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పదు. పన్నెండు వారాలకీ మార్పు లేకపోతే అప్పుడు డాక్టరు. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్ళు మాత్రం ఇది వాడకూడదు, వాళ్ళకి అజెలాయిక్ యాసిడ్ అనే పూత ఉంది.

ప్ర: ఇరవై ఏడేళ్ళు, గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగం. చిన్నప్పుడు ఒక్క మొటిమా లేదు, ఇప్పుడు దవడ వెంబడి, గడ్డం కింద గట్టిగా నొప్పితో వస్తున్నాయి. పీరియడ్స్ రెండు నెలలకోసారి. బరువు పెరిగాను. ఏ ఫేస్‌వాష్ మంచిది?

జ: మీ ప్రశ్న ఫేస్‌వాష్‌ది కాదండీ. దవడ వెంబడి మొటిమలు, నెలసరి తప్పడం, బరువు, ఈ మూడూ కలిస్తే ముందు పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండాశయాలు సరిగ్గా పనిచెయ్యని సమస్య, ఉందేమో చూడాలి. గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తున్నాయా, నడినెత్తిన జుట్టు పల్చబడిందా అన్నదీ గమనించండి. గైనకాలజిస్టు దగ్గర హార్మోన్లు, థైరాయిడ్, షుగర్, స్కానింగ్ చేయించుకోండి. పీసీఓఎస్ అని తేలితే పై పూతలతో పాటు లోపలికి హార్మోన్ మాత్రలో, స్పైరోనోలాక్టోన్ అనే మందో ఇస్తారు. రెండోది వాడేటప్పుడు గర్భం రాకూడదు. ఉన్న బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిన పడుతుంది. నైట్ షిఫ్టులో పన్నెండింటికి బిర్యానీ ఆర్డరు పెట్టే అలవాటుంటే అక్కడ మొదలుపెట్టొచ్చు.

ప్ర: జిమ్‌కి వెళ్తున్నాను, ఆరు నెలల్నుంచి వీపంతా మొటిమలు. ప్రోటీన్ పౌడర్ తాగుతాను. (గుంటూరు)

జ: పాల నుంచి తీసే వే ప్రోటీన్ అయితే రెండు నెలలు ఆపి చూడండి, గుడ్లూ పప్పులూ శనగలూ ఎక్కడికీ పోలేదు. బి12 ఎక్కువ మోతాదులో తీసుకుంటున్నా కొందరికి ఇలాంటివి వస్తాయి, బలానికని సూదులు వేయించుకుంటున్నారేమో చూసుకోండి. జిమ్‌లో ఎవరైనా కండల కోసం ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే అది నాకు రాయలేదు గానీ మీ డాక్టరుకి చెప్పండి, ఆ స్టెరాయిడ్లతో వీపు మీద వచ్చేవి మహా మొండివి. చెమట బనీనుతో బండెక్కి ఊరంతా తిరక్కుండా వెంటనే స్నానం చెయ్యండి.

ప్ర: నుదుటి మీద, వీపు పైన ఆవగింజల్లాంటి పొక్కులు, అన్నీ ఒకే సైజు, విపరీతమైన దురద. యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరిగాయి. తలకి రోజూ కొబ్బరినూనె రాసుకుంటాను. (శ్రీకాకుళం)

జ: మొటిమ నొప్పి పెడుతుంది, సాధారణంగా ఇంత దురద పెట్టదు. ఒకే సైజు, దురద, యాంటీబయాటిక్‌తో పెరగడం, పైగా సముద్రం పక్క ఉక్క, ఇవన్నీ చూస్తే మలసీజియా అనే ఫంగస్ వల్ల వచ్చిన పొక్కులై ఉండొచ్చు. చుండ్రులో చేయి ఉన్నదీ ఇదే ఫంగసు. డాక్టరు చూసి నిర్ధారిస్తే కీటోకొనజోల్ షాంపూనీ పూతనీ వాడతారు, చాలామందికి కొద్దివారాల్లో తగ్గుతుంది. నూనె మానమని చెప్తే ఎవరూ వినరని తెలుసు, కాబట్టి ఇలా చెయ్యండి: తలంటుకునే ముందు రెండు గంటలు మాత్రం పెట్టుకోండి, నుదుటి మీదకి కారనివ్వకండి, నూనె తలతో పడుకోకండి.

ప్ర: మా పాపకి డాక్టరుగారు ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాశారు. నెట్‌లో చదివితే పిల్లలు పుట్టరని ఉంది. వయసు ఇరవై. (అనంతపురం)

జ: పిల్లలు పుట్టరన్నది అబద్ధం. మాత్రలు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన అవకరాలు రావచ్చన్నది నిజం. ఈ రెండూ కలిసిపోయి పుకారైంది. మొదలుపెట్టే ముందు గర్భం లేదని నిర్ధారించుకోవాలి, వాడినన్నాళ్ళూ, ఆపాక కనీసం ఒక నెలా గర్భం రాకూడదు, అదే సమయంలో రక్తదానమూ చెయ్యకూడదు. ఆ గడువు దాటాక తల్లి కావడానికి ఏ అడ్డూ లేదు. సంబంధాలు చూస్తుంటే డాక్టరుకి ముందే చెప్పండి.

1982 నుంచి వాడుకలో ఉన్న మందు ఇది, గుంతలు పడేంత తీవ్రమైన మొటిమలకి ఇంతకి మించింది లేదు. పెదవులు తప్పకుండా ఎండిపోతాయి, వాజిలీన్ బ్యాగులోనే ఉండాలి. కాస్త కొవ్వున్న భోజనంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. కాలేయం, కొలెస్ట్రాల్ పరీక్షలు చెప్పిన తేదీకి చేయించండి. ముఖానికి వాక్సింగ్ వద్దు, చర్మం ఊడొస్తుంది. విటమిన్ ఎ మాత్రలు, డాక్సీసైక్లిన్ దీనితో కలపకూడదు. పాప దిగులుగా ఉన్నా, మునుపటిలా మాట్లాడకపోయినా తేలిగ్గా తీసుకోకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

ప్ర: మొటిమలు తగ్గాయి, మచ్చలు మిగిలాయి. లేజర్ చేయిస్తే ఒక్కసారికే పోతాయని ఒక క్లినిక్‌లో ప్యాకేజీ చెప్పారు. కట్టేయమంటారా? (వరంగల్)

జ: వేలితో తడిమి చూడండి. నునుపుగా ఉండి రంగు మాత్రం నల్లగా గోధుమగా ఉంటే దానికి లేజర్ అక్కర్లేదు, మనలాంటి చామనఛాయ చర్మానికి మొటిమ తగ్గాక అలాంటి మచ్చ మిగలడం మామూలు. రోజూ సన్‌స్క్రీన్, అజెలాయిక్ యాసిడో అడాపలీనో వాడితే కొన్ని నెలల్లో పల్చబడుతుంది. వేలికి గుంత తగిలితే అది వేరే కథ. లోతుగా సూది పోటులా ఉన్నవాటికి ఒక పద్ధతి, వెడల్పు గుంతలకి మైక్రోనీడిలింగో (సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చడం) లేజరో, లోపల అతుక్కుపోయినవాటికి సూదితో కింద విడదీయడం, ఇలా కలిపి చేస్తారు. అన్నీ నెలల తేడాతో పలుమార్లు చేసేవే, పూర్తిగా చెరిగిపోవు, బాగా తగ్గుతాయి. ఒక్కసారికే పోతాయన్నవాళ్ళకి డబ్బు కట్టకండి. లేజర్ పట్టుకునే మనిషి చర్మవైద్యంలో ఎండీయో డీడీవీఎల్లో చదివారా అని అడగండి, జవాబు నసిగితే లేచి వచ్చేయండి.